శేషం వెండితెరపై

1932లో వచ్చిన ‘భక్త ప్రహ్లాద’ తెలుగులో తొలి పూర్తి నిడివి టాకీ. అందులో చండామార్కుల బడిలో చదువు బుర్రకెక్కని ఒక మొద్దబ్బాయి కనిపిస్తాడు. హిరణ్యకశిపుడి గర్జనల మధ్య ప్రేక్షకుణ్ణి కాసేపు నవ్వించడానికి పెట్టిన చిన్న వేషం అది. వేసినవాడు ఏలూరు దగ్గరి సోమవరప్పాడు నుంచి బొంబాయి చేరిన కుర్రాడు, అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు. తర్వాత ఎల్.వి. ప్రసాద్ పేరుతో ‘పెళ్ళి చేసి చూడు’ (1952), ‘మిస్సమ్మ’ (1955), ‘అప్పు చేసి పప్పు కూడు’ (1959) తీసిన దర్శకుడు ఆయనే. ఆ మొద్దబ్బాయి ఎలా నిలబడ్డాడో, ఏ మాట ఎలా పలికాడో ఇప్పుడు చూసి చెప్పే దారి లేదు. ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు ఒక్కటీ మిగల్లేదు.

తొలినాళ్ళ తెలుగు హాస్య సంగీత చిత్రాల ముచ్చటా, వాటి లోటూ ఇలాగే కలిసి కనిపిస్తాయి. ఈ రెండిటికీ సంబంధం ఏమిటన్నది వాదం. దొరకవు కాబట్టే ముచ్చటగా తోస్తున్నాయని ఒక పక్షం. ముచ్చటైనవే పోయాయి, అందుకే లోటు ఇంత బాధిస్తోందని రెండో పక్షం. మియాపూర్‌లో మెట్రో డిపో వైపున్న ఒక అపార్ట్‌మెంట్‌లో ఈ రెండు పక్షాలూ ఒక ఆదివారం ఎదురుపడ్డాయి. రెండో పక్షం వహించినాయన తెనాలిలో చాలా ఏళ్ళు సినిమా హాల్లో ఆపరేటరుగా పనిచేసి, ఇప్పుడు కూతురి దగ్గర ఉంటున్న పెద్దాయన. మొదటి పక్షం ఆయన మేనకోడలిది. ఆమె ఉద్యోగం హైటెక్ సిటీలో, కంపెనీల డేటాని ఏళ్ళ తరబడి చెడకుండా నిల్వ చేసే విభాగంలో. ఇద్దరికీ పోయినవాటి గురించీ, నిలిచినవాటి గురించీ చేతిపని ద్వారా తెలుసు. అందుకే వాళ్ళ వాదానికి విలువ.

మేనకోడలు: మామయ్యా, జనం నిజంగా ప్రేమించే పాత హాస్య చిత్రం ఏది? ‘మిస్సమ్మ’. అది అరుదా? నా ఫోన్‌లో ఉంది, మీ ఫోన్‌లో ఉంది. పండగ పూట టీవీలో వస్తుంది. బాగున్నది నిలిచింది. 1940లో వచ్చిన ‘బారిస్టరు పార్వతీశం’ గొప్పదని మీరంటున్నారు. మీరు చూశారా?

మామయ్య: చూళ్ళేదమ్మాయ్. మా నాన్న చూశాడు.

మేనకోడలు: అంటే మీరు మెచ్చుకునేది సినిమాని కాదు, తాతయ్య జ్ఞాపకాన్ని.

ఈ ప్రశ్న పక్కన పెట్టదగింది కాదు. ‘బారిస్టరు పార్వతీశం’ మొక్కపాటి నరసింహశాస్త్రి నవల. మొగల్తూరు కుర్రాడు పార్వతీశం బారిస్టరు చదవడానికి ఇంగ్లండు బయల్దేరి, దారి పొడవునా తెలియనితనంతో తిప్పలు పడే కథ. నవల ఇవాళ్టికీ అచ్చులో ఉంది, అడిగితే దొరుకుతుంది. దాన్ని సినిమా తీసినవాడు రఘుపతి సూర్యప్రకాశ్. మద్రాసులో 1914లోనే గెయిటీ థియేటర్ కట్టిన రఘుపతి వెంకయ్య కొడుకు, తెలుగువాళ్ళ మూకీ చిత్రాలకి ఆద్యుడు. పార్వతీశం వేషం లంక సత్యానిది. జి. వరలక్ష్మి తెరమీదికి వచ్చిన తొలి రోజుల చిత్రం. ఇన్ని వివరాలు తెలిసినా సినిమాలో నవ్వు ఎలా ఉండేదో తెలియదు. నవల్లో నవ్వు వాక్యంలో ఉంటుంది; సినిమాలో నవ్వు లంక సత్యం ముఖంలో, నడకలో, పాట మధ్యలో తీసుకున్న ఊపిరిలో ఉంటుంది. పుస్తకం దాచిపెట్టలేని భాగం అదే.

మామయ్య: నువ్వన్న మాటలో సగం ఒప్పుకుంటాను. చూడనిదాన్ని గొప్పదనను. కానీ చూడనిదాన్ని చెడ్డదని నువ్వెలా అంటావు? బాగున్నది నిలిచింది, బాగోనిది పోయింది అని నీ లెక్క. నేను ఆపరేటర్ని. ఏ రీళ్ళు ఎందుకు పోతాయో నాకు తెలుసు. బాగోక పోయిన రీలు నేనొక్కటీ చూళ్ళేదు. అరిగిపోయి పోయినవే చూశాను. అరగడమంటే ఏమిటి? ఎక్కువసార్లు ఆడటమే కదా!

ఇక్కడ వాదం ఒక మెట్టు దిగి, అసలు ఆ ముచ్చట ఎందులో ఉందన్న దగ్గరికి వచ్చింది. తొలి టాకీల్లో నటించేవాళ్ళే పాడాలి. మైకు పైనో పక్కనో వేలాడుతుంది. వాద్యగాళ్ళు కెమెరా చూపుకి అవతల కూర్చుంటారు. పాటా, నటనా ఒకేసారి ఫిల్ముకెక్కుతాయి. అందుకే నటుల్ని నాటక సమాజాల నుంచి తెచ్చుకున్నారు. ‘భక్త ప్రహ్లాద’కి సురభివాళ్ళు వెళ్ళారు, లీలావతి వేషం సురభి కమలాబాయిది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన ఆ కుటుంబ నాటక సంస్థ వారసులు ఇప్పుడు ఉంటున్నది మియాపూర్‌కి కూతవేటు దూరంలోనే, శేరిలింగంపల్లి సురభి కాలనీలో. ఘటోత్కచుడి మాయలతో ‘మాయాబజార్’ నాటకం ఇప్పటికీ ఆడుతున్నారు. తెలుగు టాకీకి గొంతు అరువిచ్చిన ఇంటివాళ్ళు మెట్రో చివరి స్టేషన్ పక్కనే ఉన్నారని హైటెక్ సిటీకి రోజూ వెళ్ళి వచ్చేవాళ్ళలో ఎందరికి తెలుసు?

పౌరాణికంలో పద్యం రాగం తీసుకుంటూ సాగితే చాలు. హాస్యంలో అలా కాదు. పాడుతూ తడబడాలి, తడబాటు తాళంలో పడాలి. మాట మధ్యలో పాట మొదలవ్వాలి, పాట మధ్యలో మాట దూరాలి. రెండూ ఒకే మనిషి, ఒకే క్షణంలో చెయ్యాలి. హరికథ చెప్పినవాళ్ళకీ, నాటకాల్లో హాస్య పాత్రలు వేసినవాళ్ళకీ అది అలవాటైన విద్య. రేలంగి వెంకట్రామయ్య అలాంటివాడు. 1935లో సి. పుల్లయ్య తీసిన ‘శ్రీకృష్ణ తులాభారం’తో సినిమాలకి వచ్చి, పేరు రావడానికి పదేళ్ళకి పైగా ఎదురుచూశాడు. ఆ కాలమంతా పుల్లయ్య దగ్గర తెరవెనక పనులు కూడా చేశాడు. కస్తూరి శివరావు ఇంకో రకం. మూకీ సినిమాల రోజుల్లో తెర పక్కన నిలబడి కథ చెప్పే వ్యాఖ్యాతగా మొదలై, మాటతో నవ్వించడం ఒంటబట్టించుకున్నవాడు.

ఈ ఇద్దరూ కలిసింది ‘గుణసుందరి కథ’లో. 1949 చివర్లో కె.వి. రెడ్డి తీశాడు, సంగీతం ఓగిరాల రామచంద్రరావు, మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావు. ముగ్గురు కూతుళ్ళున్న రాజు కథ. మూలంలో షేక్‌స్పియర్ లియర్ మహారాజు ఛాయ ఉంది. అక్కడ విషాదం, ఇక్కడ జానపదం, మధ్యలో హాస్యం. పెద్దల్లుళ్ళు హరమతి, కాలమతి వేషాల్లో వల్లభజోస్యుల శివరామూ, రేలంగీ. ఒకడు మొదలుపెట్టిన మాట రెండోవాడు అందుకునే ఆ జంట హాస్యం తెలుగు సినిమాకి అప్పటికి కొత్త. కురూపి దైవాధీనంగా శివరావుది నాయకుడి స్థానం. హాస్యనటుడు నాయకుడై, తన పాట తను పాడుకుంటూ సినిమా మొత్తం మోసిన చిత్రం అది. మరుసటి ఏడు శివరావు స్వయంగా ‘పరమానందయ్య శిష్యులు’ (1950) తీశాడు.

మేనకోడలు: చూశారా, ‘గుణసుందరి కథ’, ‘పరమానందయ్య శిష్యులు’ రెండూ 1949 నుంచి వచ్చినవే. అంతకుముందువాటి మంచి అంతా వీటిలోకి వచ్చేసింది కదా. రేలంగి వచ్చాడు, శివరావు వచ్చాడు, మీ మొద్దబ్బాయి దర్శకుడయ్యాడు. విద్య చేరాల్సినవాళ్ళకి చేరింది. పాత్ర పగిలితే ఏం, నీళ్ళు వేరే బిందెలోకి ఒంపేశారు.

మామయ్య: అన్నీ ఒంపలేదు తల్లీ. ‘వరవిక్రయం’ తీసుకో. 1939. కాళ్ళకూరి నారాయణరావు నాటకం, సి. పుల్లయ్య కలకత్తాలో ఈస్టిండియా ఫిలిం కంపెనీకి తీశాడు. భానుమతికి తొలి చిత్రం. కట్నం కోసం కొడుకుని బేరం పెట్టే పిసినారి సింగరాజు లింగరాజు వేషం బలిజేపల్లి లక్ష్మీకాంతకవిది. ‘సత్య హరిశ్చంద్రీయం’ నాటకం రాసిన కవి ఆయన. కాటిసీను పద్యాలతో ఊళ్ళకి ఊళ్ళని ఏడిపించినవాడు పిసినారిగా నవ్వించాడు. కవి హాస్యనటుడవటం మళ్ళీ ఎక్కడ చూస్తావు? ఆ తూకం బలిజేపల్లితోనే పోయింది. ఒంపడానికి ఇంకో బిందె లేదు.

మేనకోడలు: అది నిజమే. కానీ ‘వరవిక్రయం’ని హాస్య చిత్రమనొచ్చా? కాళింది చచ్చిపోతుంది కదా.

ఆ సందేహం సబబైనదే. తొలి తెలుగు సినిమాలో హాస్యం ఎప్పుడూ ఒకే వాటాగా లేదు. సి. పుల్లయ్య 1930ల చివర్లో ‘కాసులపేరు’, ‘చల్ మోహనరంగా’ లాంటి పొట్టి చిత్రాలు తీసి ఒకే ఆటలో కలిపి చూపించాడు. హాస్యానికి అక్కడ విడిగా చోటు దొరికింది, కానీ పక్కవాటాగానే. 1940లో ‘బొండాం పెళ్ళి’ లాంటివి వచ్చాయి. 1944లో వై.వి. రావు ‘తహసీల్దార్’లో భానుమతి చేత దొరసాని తీరు నేర్చుకోబోయే పల్లెటూరి భార్య వేషం వేయించాడు. పొట్టి చిత్రానికి పెద్ద చిత్రానికున్నంత పెట్టుబడి లేదు, పరపతి లేదు. పెద్ద చిత్రం అద్దె ముగిసి డబ్బా వెనక్కి వెళ్ళాక పొట్టి చిత్రం రీళ్ళ సంగతి ఎవరికీ పట్టేది కాదు. తెలుగులో పాటల హాస్యం అరుదవటానికి మొదటి కారణం ఇక్కడుంది. పుట్టడమే తక్కువ, పుట్టినవాటిని చూసుకున్నవాళ్ళు ఇంకా తక్కువ.

మేనకోడలి రెండో అభ్యంతరం సొంతదనం గురించి. ‘మిస్సమ్మ’ కథకి మూలం బెంగాలీలో రవీంద్రనాథ్ మైత్ర రాసిన ‘మాన్‌మయీ గర్ల్స్ స్కూల్’ నాటకం. 1953లో సి. పుల్లయ్య తీసిన ‘పక్కింటి అమ్మాయి’కి మూలం ముందు ఏడు వచ్చిన బెంగాలీ చిత్రం ‘పాషేర్ బాడీ’. అరువు కథల్లో తెలుగు ముచ్చట ఏముందని ఆమె అడిగింది.

మామయ్య: కథ ఎవరిదైనా వంట మనది. ‘పక్కింటి అమ్మాయి’ నేను సెకండ్ రన్‌లో ఆడించాను. అంజలీదేవి పక్కింట్లో ఉంటుంది, పాటంటే ప్రాణం. ఇటు కిటికీలో రేలంగి. గొంతు లేదు. స్నేహితుడు ఎ.ఎం. రాజా చాటున కూర్చుని పాడతాడు, రేలంగి కిటికీ దగ్గర నిలబడి పెదాలాడిస్తాడు. నేల టిక్కెట్టువాళ్ళు ఆ కిటికీ సీనుకి పడీ పడీ నవ్వేవాళ్ళు.

మేనకోడలు: ‘పడోసన్’లో సునీల్ దత్, కిశోర్ కుమార్ చేసిందే కదా అది.

మామయ్య: ‘పడోసన్’ 1968. మనది పదిహేనేళ్ళు ముందు.

ఈ కిటికీ సీను దగ్గర కాస్త ఆగాలి. 1953 నాటికి తెలుగు సినిమాలో నేపథ్యగానం స్థిరపడింది. పెదవి ఒకరిది, గొంతు ఇంకొకరిది. హాల్లో కూర్చున్నవాళ్ళు దాన్ని అబద్ధం అనుకోవడం మానేశారు. సరిగ్గా అప్పుడు వచ్చిన ఈ సినిమా ఆ అబద్ధాన్నే కథ చేసింది. తెర మీద కిటికీ చాటున పాడుతున్నవాడు నిజంగా నేపథ్యగాయకుడు ఎ.ఎం. రాజా. గొంతు లేనివాడిగా నటిస్తున్న రేలంగి మాత్రం నిజజీవితంలో హరికథ తెలిసినవాడు, తన హాస్యపాటలు తనే పాడుకోగలిగినవాడు. పాడగలిగిన నటుడు పాడలేనివాడిగా నటించి, పాడే గాయకుడు నటుడై చాటున కూర్చుని, ఇద్దరూ కలిసి ఒక కాలానికి వీడ్కోలు చెప్పారు. నటుడే పాడే రోజులు పోతున్నాయని తెలుగు సినిమా నవ్వుతూ చెప్పిన సందర్భం ఇంతకన్నా స్పష్టంగా ఇంకోటి లేదు. కథ బెంగాలీదైనా రేలంగి గొంతు చరిత్ర తెలుగుది. ఆ కిటికీ ఒక్కటి చాలు, ఈ కోవ చిత్రాల్ని పక్కవాటాగా కొట్టిపారేయలేమని చెప్పడానికి.

మరుసటి ఏడు వచ్చిన ‘చక్రపాణి’ (1954)ని కూడా ఈ వరసలోనే చూడాలి. మునిమనవడు పుడితే ఆస్తి రాసిస్తానన్న పిసినారి తాతగా సి.ఎస్.ఆర్., అరువు తెచ్చుకున్న పసిబిడ్డతో అల్లుకున్న గందరగోళం, నాయిక భానుమతి, సంగీతం కూడా భానుమతిదే. నాయికే స్వరకర్త అయిన హాస్య చిత్రం ఏ భాషలోనైనా వేళ్ళ మీద లెక్కపెట్టాల్సిందే.

మేనకోడలు: సరే, ముచ్చట ఉందని ఒప్పుకున్నాను. ఇక పోవడం గురించి చెప్పండి. రీళ్ళు అరిగి పోయాయన్నారు. నా ఉద్యోగంలో అయితే ఒకే కాపీ ఉంటే అది లేనట్టే లెక్క. మూడు కాపీలు, రెండు చోట్ల. ఆ రోజుల్లో ఎన్ని ఉండేవి?

మామయ్య: నెగెటివు ఒకటి, మద్రాసు ల్యాబులో. ప్రింట్లు పదో ఇరవయ్యో, ఊళ్ళ మీద. ప్రింటు ముందు బెజవాడ, గుంటూరు హాళ్ళలో ఆడేది. తర్వాత మా తెనాలి. ఆ తర్వాత టూరింగ్ టాకీస్ డేరాలు. ప్రతి ఊళ్ళో ఎక్కడో చోట తెగేది. తెగిన చోట రెండు ఫ్రేములు గీకి అతికించేవాళ్ళం. వంద ఊళ్ళు తిరిగొచ్చిన ప్రింటులో పాట పల్లవి మధ్యలో ఎగిరిపోయి చరణంలో పడేది. పాతవాటిలో నైట్రేటు ఫిల్ము ఉండేది. డబ్బా మూత తీయగానే ఘాటు వాసన, అంచులు జిగట, లోపల రీలు చుట్టలు ఒకదానికొకటి అంటుకుపోయి అరిశెలా గట్టిపడేవి. ఇక దాన్ని విప్పలేం.

నైట్రేటు ఫిల్ముకి మూలపదార్థం తుపాకిమందుకి దగ్గరి చుట్టం. అంటుకుంటే ఆర్పడం కష్టం, నీళ్ళలో కూడా మండుతుంది. మండకపోయినా వేడికీ చెమ్మకీ తనంతట తను కుళ్ళుతుంది: ముందు బొమ్మ వెలవెలబోతుంది, తర్వాత జిగట, చివరికి గోధుమరంగు పొడి. 1950ల మొదట్లో దాని తయారీ ఆగింది. ఆ లోపు వచ్చిన తెలుగు సినిమాలన్నీ దాదాపు దాని మీదే ఉన్నాయి. కోస్తా ఎండా, సముద్రపు గాలీ దానికి బద్ధశత్రువులు. పైగా ఫిల్ములో వెండి ఉంటుంది. ఆట అయిపోయిన ప్రింట్లని వెండి కోసం కరిగించేవాళ్ళు. వెండితెర అన్న మాటకి ఇంత క్రూరమైన అర్థం కూడా ఉంది. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో మొదలైంది. అప్పటికి ‘భక్త ప్రహ్లాద’ వచ్చి 32 ఏళ్ళు. దేశంలో 1,300 పైచిలుకు మూకీ చిత్రాలు తయారైతే, ముక్కలతో కలిపి మిగిలినవి 30 లోపే. టాకీల పరిస్థితి అంత ఘోరం కాదు గానీ, తొలి ఇరవై ఏళ్ళవి పెద్ద మొత్తంలోనే పోయాయి.

మేనకోడలు: ఇక్కడే నాకు కోపమొస్తుంది, మామయ్యా. అందరూ వాతావరణాన్ని అంటారు. మరి ప్రేగ్ సంగతి? చెక్ భాష మాట్లాడేవాళ్ళు మనకంటే చాలా తక్కువ. 1931లోనే వాళ్ళకి పాటల హాస్య చిత్రాలున్నాయి. వోస్కోవెత్స్, వెరిఖ్ అనే ఇద్దరు సొంత నాటకశాలలో ఆడినవాళ్ళే, మన సురభివాళ్ళలా, కెమెరా ముందుకొచ్చారు. యారోస్లావ్ యెజెక్ అని దాదాపు చూపు లేని స్వరకర్త జాజ్ బాణీలు కట్టాడు. ఆ సినిమాలు శుభ్రంగా ఉన్నాయి, నేను చూశాను. వాళ్ళకి ఆర్కైవ్ ఎప్పుడొచ్చిందో తెలుసా? 1943. దేశం జర్మన్ల కింద ఉండగా!

మామయ్య: నువ్వు చూసింది చెక్ హాస్యమా? మరి ‘బారిస్టరు పార్వతీశం’ నీకెందుకు పనికిరాదు?

మేనకోడలు: పనికిరాదనలేదు. చూడటానికి లేదు కాబట్టి మెచ్చుకోలేనన్నాను. మెచ్చుకుంటూ కూర్చుంటే పోయిన తప్పు ఎవరిదో అడగడం మర్చిపోతామని నా బాధ.

పోలిక సరైనదే, తేడాలు కూడా చెప్పుకోవాలి. వోస్కోవెత్స్, వెరిఖ్‌ల తొలి చిత్రం ‘పౌడరూ పెట్రోలూ’ (1931). తర్వాతివాటిలో ఒకటి ‘హెయ్ రుప్’ (1934), మార్టిన్ ఫ్రిచ్ దర్శకత్వంలో నిరుద్యోగం మీద తీసిన నవ్వులాట. ‘ప్రపంచం మనది’ (1937) ఫాసిజాన్ని నేరుగా ఎదిరించింది. 1938 చివర్లో వాళ్ళ నాటకశాల మూతపడింది. యెజెక్‌తో కలిపి ముగ్గురూ అమెరికా చేరారు. యెజెక్ 1942లో న్యూయార్క్‌లో చనిపోయాడు. మనుషులు పోయినా సినిమాలు నిలిచాయి. 1933 నుంచి ప్రేగ్ శివార్లలోనే బరండోవ్ స్టూడియో ఉంది. 1945లో సినిమా పరిశ్రమ మొత్తం ప్రభుత్వపరమైంది. నెగెటివులకి ఒక యజమాని, ఒక చిరునామా దొరికాయి. తెలుగు సినిమాకి ఆ రోజుల్లో చిరునామా లేదు. ‘భక్త ప్రహ్లాద’ బొంబాయిలో, ‘వరవిక్రయం’ కలకత్తాలో, మిగిలినవి ఎక్కువగా మద్రాసులో. రాజమండ్రిలో దుర్గా సినీటోన్, విశాఖలో ఆంధ్రా సినీటోన్ లాంటివి పుట్టినా నిలదొక్కుకోలేదు. తెలుగువాళ్ళకి విడి రాష్ట్రమే 1953 దాకా లేదు. కంపెనీ మూతపడితే ల్యాబు బాకీ కింద నెగెటివు అక్కడే ఉండిపోయేది. ఏ ప్రభుత్వానిదీ కాని వస్తువుని ఏ ప్రభుత్వం దాస్తుంది? హైదరాబాదులో అమీర్‌పేట సారథి స్టూడియో లేచి, ‘మా ఇంటి మహాలక్ష్మి’ (1959) మొత్తం ఇక్కడే తీసే నాటికి నష్టం జరిగిపోయింది.

ప్రేక్షకుడి వంతు కూడా ఉందని మేనకోడలు గట్టిగా అంది. పౌరాణికాలు మళ్ళీ మళ్ళీ ఆడాయి కాబట్టి డిస్ట్రిబ్యూటర్లు వాటికి కొత్త ప్రింట్లు తీయించారు. హాస్యాన్ని జనం ఒకసారి చూసి నవ్వి, మర్చిపోయారు. 2010 జనవరిలో హైదరాబాదు కంపెనీ గోల్డ్‌స్టోన్ ‘మాయాబజార్’ సినిమాకి రంగులద్ది విడుదల చేసినప్పుడు హాళ్ళు నిండాయి. సాంకేతికత ఈ నగరంలోనే ఉంది, చేయగల కుర్రాళ్ళు ఇక్కడే ఉన్నారు. అయినా ఆ వెలుగు మరో పాత హాస్య చిత్రం మీద పడలేదు. మామయ్య దీనికి ఎదురు చెప్పలేదు. చెప్పడానికి లేదు కూడా.

మామయ్య: ఇప్పుడేం చెయ్యాలంటావు మరి?

మేనకోడలు: ముందు ఏముందో, ఏం లేదో రాసిపెట్టుకోవాలి. ‘భక్త ప్రహ్లాద’ విడుదల తేదీ సంగతే చూడండి. 1931 సెప్టెంబరు 15 అని డెబ్భై ఏళ్ళకి పైగా అందరూ రాశారు. రెంటాల జయదేవ ఓపిగ్గా పాత పత్రికలూ సెన్సారు రికార్డులూ వెతికితే, సెన్సారైందే 1932 జనవరి 22న అనీ, విడుదల ఫిబ్రవరి 6న అనీ తేలింది. సినిమా లేదు, కానీ కాగితం ఉంది. కాగితం అబద్ధాన్ని దిద్దింది.

ఈ మాట దగ్గర ఇద్దరి వాదాలూ కలిశాయి. కేంద్రప్రభుత్వపు జాతీయ చలనచిత్ర వారసత్వ కార్యక్రమానికి సుమారు 597 కోట్ల రూపాయలు కేటాయించారు. శివేంద్రసింగ్ దుంగార్పూర్ 2014లో పెట్టిన ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ 2019 డిసెంబరులో హైదరాబాదు అన్నపూర్ణ స్టూడియోలో పాత ఫిల్ముని శుభ్రం చేయడం, అతకడం, దాచడం నేర్పే శిక్షణ తరగతులు పెట్టింది. ప్రింటు దొరికితే కాపాడే చేతులు ఇప్పుడున్నాయి. ప్రింటు దొరకనివాటికి మిగిలే ఆధారాలు మూడు: సెన్సారు రికార్డులు, గ్రామఫోను రికార్డులు, పాటల పుస్తకాలు. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు లాంటి సేకర్తలు జీవితమంతా రికార్డులు పోగుచేయబట్టే, ఆనవాళ్ళు పోయిన ఎన్నో సినిమాల గొంతులు ఇంకా వినిపిస్తున్నాయి. నిమిషానికి 78 చుట్ల వేగంతో తిరిగే రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాలే. పాటలో మాట కలిసిన హాస్య సన్నివేశాలు కొన్ని అందులో కుదించి మరీ పాడారు. హాస్యనటుడి ఊపిరి ఎక్కడైనా మిగిలిందంటే ఆ లక్క పళ్ళెంలోనే.

పాటల పుస్తకం ఇంకా పేదది. నాసిరకం కాగితం, పది పన్నెండు పేజీలు, కుట్టుకి ఒక పిన్ను. హాలు గేటు దగ్గర అణాకో రెండణాలకో అమ్మేవాళ్ళు. ముందు నటీనటుల పట్టిక, తర్వాత కథ, తర్వాత పాటలు. కథ మాత్రం పూర్తిగా ఉండదు. చిక్కుముడి బిగిసే చోట ఆపి, శేషం వెండితెరపై చూడమని అచ్చు వేసేవాళ్ళు. ఆనాటి అమ్మకపు ఎత్తు అది. వెండితెర పోయిన సినిమాలకి ఆ వాక్యం తర్వాత ఇంకేమీ లేదు.

మామయ్య దగ్గర అలాంటి పుస్తకం ఒకటుంది. పై అట్టా, మొదటి రెండు పేజీలూ చిరిగిపోయాయి. నటీనటుల పట్టిక వాటితోనే పోయింది, కథ సగం నుంచి మొదలవుతుంది. సినిమా పేరు ఆయనకి గుర్తులేదు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న కొన్నదని మాత్రం తెలుసు. మేనకోడలు ఒక్కో పేజీ బల్లమీద పరిచి, మడతలు వేలితో సాఫు చేసి, ఫోనుతో ఫొటోలు తీసింది. ఏడో పేజీ దగ్గర ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

మామయ్య: ఈ పాట బాణీ నాకొచ్చు. నాన్న పాడేవాడు.

ఆమె ఫోనులో రికార్డింగ్ బటన్ నొక్కి బల్లమీద పెట్టింది. పల్లవి రెండు సార్లు పాడాడు. మొదటి చరణం సాఫీగా వచ్చింది. చివర దగ్గులాంటి ఒక విరుపు పెట్టి నవ్వాడు, వాళ్ళ నాన్న అక్కడ అలాగే చేసేవాడట. రెండో చరణం మొదటి పాదం దగ్గర ఆగాడు. సాహిత్యం కళ్ళ ముందుంది, బాణీ రావడం లేదు. మళ్ళీ పల్లవి నుంచి ఎత్తుకున్నాడు. అదే చోట మళ్ళీ ఆగాడు. ఆమె రికార్డింగ్ ఆపలేదు. ఫైలుకి పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు, సినిమా పేరు తెలియదు కాబట్టి, ‘తెనాలి, పేజీ 7, ఒకటిన్నర చరణం’ అని రాసింది.